వెదురు ఎప్పుడు ఆయుధమవుతుంది?

మా తాత విల్లు ఇప్పటికీ మా ఇంటి దూలానికి వేలాడుతూ ఉంది. పొగ పట్టి నల్లబడింది. దాని తాడు విప్పి ముప్పై ఏళ్లు దాటింది. తాడు కట్టి ఉంచితే విల్లు ఆ వంపుకే అలవాటుపడి బలం పోగొట్టుకుంటుందని తాత చెప్పేవాడు. పని లేనప్పుడు విల్లుకు కూడా పడుకోవడం కావాలి అనేవాడు.

ఒక ఏడాది ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి మా బడిలో చిన్న ప్రదర్శన పెట్టాం. ఇళ్లలో ఉన్న పాత వస్తువులు తెమ్మని పిల్లలకు చెప్పాను. తేనె తీసే బుట్ట, గడ్డలు తవ్వే గునపం, సొరకాయ బుర్ర వచ్చాయి. తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు విల్లు, మూడు బాణాలు తీసుకొని ఆటో ఎక్కాడు. దారిలో ఒక చెక్‌పోస్టు దగ్గర దింపేశారు. విల్లు అక్కడే ఉంచుకొని వాణ్ణి పంపేశారు. వాడు వట్టి చేతులతో వచ్చి, "మీరేమో తాతల గుర్తు తెమ్మంటిరి. తెస్తే ఆయుధమంటున్నారు. ఏది నిజం సార్?" అని అడిగాడు.

ఆరోజు నేను సమాధానం చెప్పలేకపోయాను. తరువాత చదివాను, పెద్దవాళ్లను అడిగాను. తెలిసినంతవరకు ఇక్కడ రాస్తున్నాను. దోర్నాల, ఎర్రగొండపాలెం, అర్ధవీడు, గిద్దలూరు వైపు పాఠాలు చెప్పే ఉపాధ్యాయ మిత్రులకు ఇలాంటి ప్రశ్న ఏదో ఒకరోజు ఎదురవుతుంది.

ముందు విల్లు ఎట్లా తయారవుతుందో చెప్పాలి. ఎందుకంటే దాన్ని "మొరటు ఆయుధం" అని రాసినవాళ్లలో చాలామంది ఒక్కసారి కూడా దాన్ని చేసి చూసినవాళ్లు కాదు.

విల్లుకు పనికొచ్చేది గట్టి వెదురు. లోపల గుల్ల తక్కువగా ఉండాలి. లేతది వంగుతుంది గాని తిరిగి నిలబడదు, బాగా ముదిరింది విరుగుతుంది. చలికాలంలో కొట్టాలి. ఆ రోజుల్లో కాండంలో పిండి పదార్థం తక్కువ, పుచ్చు పురుగు త్వరగా పట్టదు. తాత అమావాస్య దాటకుండా కొట్టాలనేవాడు. అది లెక్కా నమ్మకమా అని నేనెప్పుడూ అడగలేదు. కొట్టిన వెదురును నీడలో ఆరబెట్టి, నిలువునా చీల్చి, కణుపులు రెండు కొమ్ములకూ సరిసమానంగా వచ్చేలా మధ్య చూసుకోవాలి. కణుపు ఒక పక్క ఎక్కువైతే ఆ పక్క మొండికేస్తుంది, విల్లు వంకరగా లాగుతుంది. కత్తితో చెక్కి, చివర్లో గాజు పెంకుతో గీకి, సన్నని సెగ మీద కాచి, ఇప్పనూనె రాసి మళ్లీ ఆరబెట్టాలి. వెదురులో బలమంతా పై పొరలో ఉంటుంది. నారలు అక్కడే దట్టంగా ఉంటాయి. అందుకని పై పొరను ఎక్కువగా గీకకూడదు. చెక్కడమంతా లోపలి వైపే. ఒక్కసారి ఎక్కువ చెక్కామా, ఇక అతికించడానికి ఏమీ ఉండదు, పొయ్యిలోకే.

అల్లెతాడు నారతో పేనాలి. ఇప్పుడు చాలా ఇళ్లలో నైలాను తాడే. బాణపు కర్రకు సన్న వెదురు గాని రెల్లు గాని చాలు, అయితే నిప్పు మీద వంపులు తీసి సూటిగా చేయాలి. వెనక రాలిన పక్షి ఈకలు కట్టాలి. ఈకలన్నీ ఒకే పక్క రెక్కవి కావాలి. ఎడమ ఈక, కుడి ఈక కలిపితే బాణం గాలిలో తడబడుతుంది. ముందు భాగానికి ఇనుప ములికి. అది మాత్రం అడవిలో దొరకదు. కింద పల్లెలో కమ్మరి దగ్గర చేయించుకోవాలి. తేనో, బంకో, గింజలో ఇచ్చి ములుకులు తెచ్చుకునేవాళ్లు. అంటే చెంచు విల్లు పూర్తిగా అడవి వస్తువు అనుకోవడం కూడా సరికాదు. వెదురు కొండది, ఇనుము పల్లెది, ఈక పక్షిది, పొందిక మాత్రం ఇంటిది. ఎవరి చేతి పొడుగుకు, ఎవరి లాగుడు బలానికి తగినట్టు వాళ్లే చేసుకునేవాళ్లు. తాత విల్లు మా నాయనకు సరిపోలేదు. నాకు అసలే సరిపోదు.

బాణం కర్ర విషయంలో ఇంకొక సూక్ష్మం ఉంది. వదిలిన క్షణంలో కర్ర పాములా మెలికపడి విల్లు పక్కనుంచి దాటి పోతుంది. కర్ర మరీ బిరుసైతే ఒక పక్కకు, మరీ మెతకైతే ఇంకో పక్కకు పోతుంది. తాత వేళ్ల మధ్య కర్రను వంచి చూసి, "ఇది దీనికి కాదు" అని పక్కన పెట్టేవాడు. ఇప్పుడు ఒలింపిక్ విలుకాళ్లు దీన్నే అంకెల్లో కొలుస్తారు.

ఇక పుస్తకాల సంగతి. ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి కలిసి 1909లో తెచ్చిన దక్షిణ భారత కులాలు, తెగల ఏడు సంపుటాల్లో చెంచుల మీద ఒక భాగం ఉంది. అంతకుముందు 1886లో వచ్చిన కర్నూలు జిల్లా మాన్యువల్‌లోనూ ఉంది. ఆ రోజుల్లో మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాలన్నీ కర్నూలు జిల్లాలోవే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు మన పడమటి తాలూకాలు ఇటు వచ్చాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. కృష్ణకు ఇవతల మద్రాసు ప్రభుత్వం, అవతల నిజాం ప్రభుత్వం. చెంచులు మాత్రం రెండు ఒడ్డుల్లోనూ ఉన్నారు. నదిని సరిహద్దు చేసింది వాళ్లు కాదు.

అవతలి ఒడ్డు చెంచుల గురించి వివరంగా రాసినవాడు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్. వియన్నాలో పుట్టినవాడు. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఆయన చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉంది. బ్రిటిషువాళ్ల దృష్టిలో శత్రుదేశస్థుడు. హైదరాబాదు రాజ్యంలో ఉండనిచ్చారు. ఆ విధంగా 1940లో అమ్రాబాదు పీఠభూమి మీద చెంచుల మధ్య బతికి, 1943లో చెంచుల మీద పుస్తకం అచ్చువేశాడు. అందులో అందరూ పట్టించుకోవలసిన మాట ఒకటి ఉంది. చెంచు మగవాడి చేతిలో విల్లు ఎప్పుడూ ఉంటుంది గాని, అతని కడుపు నింపేది వేట కాదు. గడ్డలు, దుంపలు, పండ్లు, ఆకులు రోజూ తిండి. మాంసం ఎప్పుడో ఒకనాడు.

ఇది మన పెద్దవాళ్లకు తెలిసిన విషయమే. గునపం పట్టుకొని గడ్డలు తవ్విన ఆడవాళ్లే ఇల్లు నడిపారు. కాని బయటివాళ్ల బొమ్మల్లో గునపం కనపడదు, విల్లే కనపడుతుంది. 1943లోనూ 1958లోనూ వచ్చిన 'చెంచులక్ష్మి' సినిమాల దగ్గరనుంచి బడిపుస్తకాల బొమ్మల దాకా చెంచు అంటే విల్లంబులు పట్టుకొన్న మనిషి. ఆ బొమ్మను మనమూ నమ్మేశాం. ఇప్పుడు విల్లు లేకపోతే మనం మనం కాదేమో అన్నంత దూరం వచ్చాం. నాకు విల్లంటే ప్రేమే. అయినా గునపానికి దక్కవలసిన గౌరవాన్ని విల్లు తినేసిందని కూడా చెప్పక తప్పదు.

మరి వేట తక్కువైతే విల్లు ఎందుకు వదలలేదు? ఎలుగుబంటి ఎదురయ్యే దారిలో నడిచేవాళ్లకు ఈ ప్రశ్నే రాదు. అంతేకాదు. శ్రీశైలం పోయే యాత్రికులకు దారి చూపించి, దొంగల నుంచి కాపాడి కొండ ఎక్కించింది చెంచులే. అందుకు రుసుము ముట్టేది. మార్కాపురం నుంచి దోర్నాల మీదుగా తూర్పు దారిన నడిచిపోయిన భక్తుల ముందూ వెనకా విల్లు పట్టినవాళ్లు నడిచారు. ఘాట్ రోడ్డు పడి, బస్సులు తిరిగాక ఆ పని పోయింది. గిద్దలూరుకు పడమట కొండ దాటితే అహోబిలం. అక్కడ నరసింహస్వామి చెంచుల ఇంటి అల్లుడు. సంక్రాంతి తరువాత కనుమనాడు పార్వేట మొదలై స్వామి పల్లకి నలభై రోజుల వరకూ ఊళ్లు తిరుగుతుంది. తన పెళ్లికి పిలవడానికి పోతున్నాడని చెబుతారు. ఆ రోజు విల్లంబులు పట్టిన చెంచులకు పల్లకి దగ్గర చోటుంది. దేవుడి దగ్గర చెల్లిన విల్లు రోడ్డు మీద ఎందుకు చెల్లలేదో చూద్దాం.

మొదటి ముడి 1882 మద్రాసు అటవీ చట్టం. రిజర్వు అడవిలో వేట, ఉచ్చు, చేపలు పట్టడం కూడా నిబంధనల కిందికి వచ్చాయి. దానికి నాలుగేళ్ల ముందే, 1878 ఆయుధాల చట్టం దేశమంతా తుపాకికి లైసెన్సు పెట్టింది. అయితే ఆ కాలంలో అడవి అధికారికి చెంచువాడు కావలసినవాడు. నిప్పు ఆర్పడానికి, దారులు కొట్టడానికి, దొరలు వేటకు వస్తే జంతువు జాడ చూపడానికి. దొర తుపాకితో పులిని కొడితే అది వినోదం, చెంచువాడు బాణంతో కుందేలును కొడితే నేరం. ఆ తేడా చట్టంలో పుట్టింది, కాగితాల మీదే పెరిగింది.

రెండో ముడి గట్టిది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం. తొమ్మిదో సెక్షన్ వేటను నిషేధించింది. అదే చట్టం మొదట్లో మాటల అర్థాలు చెప్పేచోట 'ఆయుధం' అంటే ఏమిటో రాశారు. తుపాకులు, పేలుడు పదార్థాలు, విషం, వలలు, ఉచ్చులు అన్నింటి మధ్యలో విల్లు, బాణం కూడా ఉన్నాయి. ముప్పై ఒకటో సెక్షన్ ప్రకారం రాతపూర్వక అనుమతి లేకుండా ఏ ఆయుధంతోనూ అభయారణ్యంలోకి అడుగు పెట్టకూడదు. 1978లో నాగార్జునసాగర్ శ్రీశైలం అభయారణ్యం ప్రకటించారు, 1983లో అది పులుల ప్రాజెక్టు కిందికి వచ్చింది. దోర్నాల మండలం చింతల, తుమ్మలబయలు, కొర్రప్రోలు, ఎర్రగొండపాలెం మండలం పాలుట్ల లాంటి గూడేలు ఆ అడవిలోనివే. ఆ గూడేలవాళ్లు అభయారణ్యంలోకి ప్రవేశించలేదు. అభయారణ్యమే వచ్చి వాళ్ల ఇళ్లచుట్టూ కూర్చుంది. అయినా చట్టం అక్షరం ప్రకారం చూస్తే దూలానికి వేలాడే విల్లును గుమ్మం దాటించి దారి మీదికి తెచ్చిన రోజే చిక్కు మొదలవుతుంది.

మూడోది ముడి కాదు, సగం విప్పిన ముడి. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద మనకు యాజమాన్యం ఇచ్చింది. ఆ జాబితాలో వెదురు పేరు స్పష్టంగా ఉంది. తేనె, మైనం, గడ్డలు కూడా ఉన్నాయి. సంప్రదాయంగా అనుభవిస్తున్న ఇతర హక్కులు కూడా ఇచ్చింది, వేట తప్ప. వేటాడే హక్కు, ఉచ్చు వేసే హక్కు ఇందులోకి రావని అదే వాక్యంలో రాశారు.

ఇప్పుడు ఆ పిల్లవాడి ప్రశ్నకు వద్దాం. వెదురు కొట్టడం వాడి హక్కు. చీల్చడం, ఎండబెట్టడం, బుట్ట అల్లడం వాడి హక్కు. అదే వెదురును వంచి తాడు కడితే అభయారణ్యంలో అది ఆయుధం. చెక్‌పోస్టు దగ్గర ఆపినవాళ్లు చట్టంలో లేని మాట అనలేదు. కాని బడి ప్రదర్శనకు రాతపూర్వక అనుమతి అడిగే వీలు అదే సెక్షన్‌లో ఉందని వాళ్లూ చెప్పలేదు, నేనూ తెలుసుకోలేదు. తప్పులో సగం నాది. పిల్లవాణ్ణి పంపేముందు నేను కాగితం రాసి ఉండాల్సింది.

ఇక్కడ తుపాకి మాట కూడా ఎత్తాలి. పొలం మీద అడవిపందులు పడుతున్నాయని, ఫోనులో వీడియో చూసి గొట్టం, చెక్క, స్ప్రింగు విడివిడిగా తెచ్చుకొని ఇంట్లో బిగించుకుంటే ఏమవుతుందని కుర్రవాళ్లు అడుగుతున్నారు. విల్లు మాదిరే అదీ ఇంట్లో చేసుకున్న పనిముట్టే కదా అని వాళ్ల వాదన. కాదు. 1959 ఆయుధాల చట్టం లైసెన్సు లేకుండా తుపాకి తయారీని పూర్తిగా నిషేధించింది. 2019 సవరణ తరువాత దానికి కనీస శిక్ష ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. పైగా అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపల కొత్త తుపాకి లైసెన్సు ఇవ్వాలన్నా వన్యప్రాణి అధికారి సమ్మతి కావాలి. చట్టం పక్కన పెట్టినా, గొట్టం పగిలితే పోయేది కొట్టేవాడి కన్నో చెయ్యో. వెదురు విరిగితే ఒక గీత పడుతుంది, అంతే.

అయితే గురి పెట్టే కుర్రవాడికి దారే లేదా? ఉంది. అది మనకు బాగా దూరంగా, రాజస్థాన్‌లో మొదలైంది. ఉదయపూర్ జిల్లా అడవి పల్లెలో వెదురు విల్లుతో పిట్టలను కొడుతూ తిరిగిన లింబారాం అనే ఆదివాసీ కుర్రవాణ్ణి 1987లో భారత క్రీడా ప్రాధికార సంస్థ ఎంపిక పోటీల్లో గుర్తించారు. మరుసటి ఏడు, 1988లో, సియోల్ ఒలింపిక్స్‌లో ఉన్నాడు. 1992, 1996లోనూ ఆడాడు. 1992లో బీజింగ్ ఆసియా పోటీల్లో 30 మీటర్ల దూరంలో 360కి 358 కొట్టి ప్రపంచ రికార్డును సమం చేశాడు. 2012లో పద్మశ్రీ వచ్చింది. పిట్టను కొట్టిన చెయ్యే కాగితం మీది వలయాన్ని కొట్టింది. మధ్యలో మారింది విల్లు, శిక్షణ, రోజూ రెండు పూటలా తిండి.

ఆ విల్లు సంగతి వింటే తాత నవ్వేవాడేమో. ఒలింపిక్స్ విల్లు ఒకే చెక్క కాదు. పిడి ఒక కంపెనీది, రెండు కొమ్ములు ఇంకో కంపెనీవి కావచ్చు. ఏ కొమ్ము ఏ పిడికైనా అమరేలా ఒకే కొలత పెట్టుకున్నారు. తాడు, గురి చూసే పరికరం, అదురు తగ్గించే కడ్డీలు, బాణం ఆనే చిన్న తీగ, అన్నీ వేరువేరుగా కొని ఎవరి చేతికి తగ్గట్టు వాళ్లు బిగించుకోవాలి. కర్ర బిరుసు సరిపోయిందో లేదో చూడటానికి ఈకలు లేని బాణం కూడా వేసి చూస్తారు. అది ఎటు పోయిందన్నదాన్ని బట్టి మరలు తిప్పుతారు. తాత వేళ్లతో వంచి చూసిన పనే ఇది. ఖర్చు మాత్రం లక్షల్లో. గురి 70 మీటర్లు. లక్ష్యం అడ్డంగా 122 సెంటీమీటర్లు, అందులో పది మార్కుల వలయం 12.2 సెంటీమీటర్లు. సుమారుగా టీ సాసరంత.

మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలెక్కి గుంటూరు దాటితే వచ్చే విజయవాడలోనే ఈ ఆట వేళ్లూనుకుంది. వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో కాంపౌండ్ విల్లుతో మూడు బంగారు పతకాలు తెచ్చింది. బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అంకితా భకత్‌తో కలిసి మిశ్రమ జట్టులో నాలుగో స్థానం దాకా పోయాడు. నల్లమలకు ఇంత దగ్గరలో ఇంత ఆట ఉంది. కాని మన గూడేలనుంచి అక్కడికి పోయే దారి ఎవరూ వేయలేదు. మన పిల్లల గురుకులాలకు ఏకలవ్యుడి పేరు పెట్టారు. ఆ పేరు పెట్టిన బడికి ఒక విల్లు, ఒక కోచ్ ఇవ్వడం అంత కష్టమా అని అడగాల్సిన చోట మనం అడగలేదు.

ఏకలవ్యుడి పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. కథలో గురువు బొటనవేలు అడిగాడు. ఈనాటి ఒలింపిక్ విలుకాళ్లు తాడు లాగేది చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లతో. బొటనవేలు తాడును తాకదు. మధ్య భారతంలో భిల్లులు కూడా బొటనవేలు వాడకుండానే బాణం వేస్తారు. ఈ సంగతి క్లాసులో చెబితే పిల్లలు వెంటనే తమ చేతులు చూసుకుంటారు.

ఉపాధ్యాయులకు పనికొచ్చే సంగతి ఇంకొకటి. మన దేశంలో జాతీయ పోటీల్లో ఇండియన్ రౌండ్ అని ఒక విభాగం ఉంది. అందులో వెదురు, కర్ర విల్లులే వాడతారు. దూరం కూడా 70 మీటర్ల కంటే తక్కువ. లక్షల విల్లు అక్కర్లేదు. ఆటలోకి మన పిల్లలు అడుగుపెట్టగల వాకిలి అదే. తాత చెక్కిన తీరుకు, ఆ విభాగానికి మధ్య దూరం ఎక్కువ లేదు.

మరుసటి ఏడు మేం కాగితం రాశాం. వస్తువులేవి, ఎన్ని, ఏ తేదీన ఎక్కడినుంచి ఎక్కడికి, వెంట ఎవరుంటారు అని వివరంగా రాసి, ములుకులు తీసి విడిగా పెడతామని చేర్చాం. సంతకం రావడానికి పదిహేను రోజులు పట్టింది. విల్లు వచ్చింది. పాతది కాదు, పాతది దొరకలేదు. పిల్లవాడు మామ దగ్గర కూర్చొని కొత్తది చెక్కుకున్నాడు. మొదటిది విరిగింది, రెండోది ఒక పక్క మొండికేసింది, మూడోది నిలిచింది.

అభయారణ్యం బయట, బడి వెనక మైదానంలో గడ్డి మోపులు కట్టి, సంచి పరిచి వలయాలు గీశాం. గీత దాటి ఎవరూ పోకూడదని, అందరూ వేశాకే బాణాలు తెచ్చుకోవాలని ముందే చెప్పాం. దూరం 20 మీటర్లు. ములికి బదులు మొద్దు మేకు. మార్కాపురం పలక మీద బలపంతో మార్కులు రాసింది ఆరో తరగతి అమ్మాయి. ఆరు బాణాలకు 31. ఆ అమ్మాయి పలక పక్కన పెట్టి, "ఇప్పుడు నాకియ్యి" అని చెయ్యి చాచింది. విల్లు ఆమెకు పొడుగైంది. దాని మామ వెదురు వైపు చూసి, చలికాలం రానిమ్మన్నాడు.